పారిస్ సెయింట్ సుల్పీస్ విచారణ గుడి: తరచుగా అడిగే ప్రశ్నలు

పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళు నోత్రదామ్ చూసి, దాన్నుంచి నడక దూరంలోనే ఉన్న ఈ గుడిని వదిలేసి వస్తుంటారు. దాని చరిత్ర గురించి, కట్టడం గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. గుడి లోపల ఫోన్ పట్టుకుని చదువుకునేందుకు వీలుగా చివర్లో చూసే వరస కూడా ఇచ్చాం.

ఇది కథెడ్రలా, మామూలు గుడా?

విచారణ గుడే. విచారణ అంటే ఒక గురువు (ఫాదర్) కింద ఉండే చుట్టుపక్కల కతోలికుల పరిధి (పారిష్). కథెడ్రల్ అంటే మేత్రాణుల (బిషప్) పీఠం ఉన్న గుడి. పారిస్ మేత్రాణుల పీఠం ఉన్నది నోత్రదామ్‌లో. సెయింట్ సుల్పీస్ మాత్రం చుట్టుపక్కల వీధుల కతోలికులు ఆదివారం పూజకి వెళ్ళే, పిల్లలకి జ్ఞానస్నానాలు ఇప్పించే, పెళ్ళిళ్ళు జరిపించే గుడి. 1740లో రచయిత మార్కీ ద సాద్‌కీ, 1821లో కవి బోద్‌లేర్‌కీ జ్ఞానస్నానం ఇక్కడే జరిగింది. 1822లో విక్టర్ హ్యూగో పెళ్ళి కూడా ఇక్కడే. పరిమాణం చూసి చాలామంది కథెడ్రల్ అనుకుంటారు. పొడవు 113 మీటర్లు, వెడల్పు 58 మీటర్లు, లోపల కప్పు ఎత్తు 34 మీటర్లు, అంటే నోత్రదామ్ కంటే కొంచెమే చిన్నది.

సుల్పీస్ ఎవరు?

7వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని బూర్జ్ నగరానికి మేత్రాణులుగా ఉన్న పునీతుడు. పండుగ జనవరి 17న.

ఒక్క విచారణకి ఇంత పెద్ద గుడి ఎందుకు?

ఈ నేలంతా ఒకప్పుడు సెయింట్ జెర్మేన్ దె ప్రే మఠం మాన్యం. మఠంలో సన్యాసులకి వాళ్ళ గుడి ఉండేది. మాన్యంలో బతికే రైతులకీ చేతిపనుల వాళ్ళకీ వేరే గుడి కావాలి కాబట్టి మధ్యయుగాల్లో ఇక్కడో చిన్న గుడి వెలిసింది. 17వ శతాబ్దానికి ఊరు పెరిగి, ధనవంతుల భవనాలు లేచి, జనం ఆ పాత గుడిలో పట్టలేదు.

1642లో ఝాన్ ఝాక్ ఒలియే ఇక్కడ విచారణ గురువు అయ్యారు. గురువిద్యార్థులకు శిక్షణ ఇచ్చే సెయింట్ సుల్పీస్ గురువుల సంఘాన్ని స్థాపించింది ఆయనే. కొత్త గుడికి 1646లో పునాదిరాయి వేసింది రాజమాత ఆన్ ఆఫ్ ఆస్ట్రియా. రాయి వేయించింది రాజకుటుంబమే అయినా డబ్బు కూడబెట్టవలసింది విచారణే. తర్వాతి కథంతా ఆ డబ్బు చుట్టూనే తిరుగుతుంది.

ఎవరు కట్టారు? ఎన్నేళ్ళు పట్టింది?

సుమారు 135 ఏళ్ళు పట్టింది, అప్పటికీ పూర్తికాలేదు. మొదటి నమూనా క్రిస్తోఫ్ గమార్‌ది. గుడి మరీ చిన్నదవుతుందని తేలాక లూయీ లెవో దాన్ని పెంచారు. 1660 నుంచి దానియెల్ గిత్తార్ పని నడిపారు. బలిపీఠం ఉండే తూర్పు భాగం, దాని చుట్టూ తిరిగే నడవ, ఉత్తర ద్వారం ఆయన కాలం నాటివే. 1678లో డబ్బు అయిపోయి పని ఆగిపోయింది. నలభై ఏళ్ళ పాటు సగం గుడి అలాగే నిలబడి ఉంది.

దాన్ని మళ్ళీ కదిలించినది 1714లో విచారణ గురువైన లాంగే ద జెర్జీ. విరాళాలు అడగడంలో ఆయనకు మొహమాటం లేదు. రాజు అనుమతితో లాటరీ నడిపారు. ఇంటింటా పాత వెండి సామాను అడిగి తెచ్చి, కరిగించి మరియమాత నిలువెత్తు విగ్రహం చేయించారని చెప్పుకుంటారు. ఆ వెండి విగ్రహం ఫ్రెంచి విప్లవకాలంలో కరిగిపోయింది. 1719లో ఒపెనోర్ అనే వాస్తుశిల్పి చేతిలో పని మళ్ళీ మొదలైంది. సిలువ ఆకారంలోని రెండు చేతులు కలిసే చోట కప్పు మీద ఆయన గంట గోపురం పెట్టారు. నాలుగు కమానులు కలిసే ఆ చోట బరువు నేరుగా కింది స్తంభాల మీద పడుతుంది. కట్టడం ఆ బరువు మోయలేదని భయపడి 1731లో గోపురాన్ని దించేశారు. ఆ తర్వాత ముఖభాగం పని ఆయనకి ఇవ్వలేదు.

1732లో ముఖభాగానికి పోటీ పెడితే గెలిచింది సెర్వాండోని. ఫ్లోరెన్స్‌లో పుట్టినవాడు, పారిస్ నాటకశాలలకు రంగస్థల దృశ్యాలు తీర్చినవాడు. 1745లో గుడి ప్రతిష్ఠ జరిగేసరికి కూడా ఆయన ముఖభాగం పూర్తి కాలేదు.

రెండు టవర్లు ఒకలా ఎందుకు లేవు?

గుడి ముందున్న చౌకులో నిలబడి తల ఎత్తితే ఎవరికైనా మొదట వచ్చే సందేహం ఇదే. ఎడమవైపు ఉత్తర టవర్ 73 మీటర్లు, కుడివైపు దక్షిణ టవర్ 68 మీటర్లు. ఎత్తులోనే కాదు, ఆకారంలోనూ తేడా ఉంది.

సెర్వాండోని 1766లో పోయారు. ఆయన టవర్లు ఎవరికీ నచ్చలేదు. మధ్యలో ఆయన పెట్టిన పెద్ద ముక్కోణపు శిఖరం 1770లో పిడుగు పడి దెబ్బతింటే దాన్ని తీసేసి, రాతి పిట్టగోడతో సరిపెట్టారు. తర్వాత పని అందుకున్నది షాల్‌గ్రాన్. అదే షాల్‌గ్రాన్ తర్వాత నెపోలియన్ కోసం విజయతోరణానికి (ఆర్క్ ద త్రియోంఫ్) నమూనా గీశారు. ఆయన 1777లో మొదలుపెట్టి ఉత్తర టవర్‌ని కొత్తగా కట్టి, పైన నలుగురు సువార్తికుల విగ్రహాలు నిలిపారు. దక్షిణ టవర్ వంతు వచ్చేసరికి 1789 విప్లవం వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. దక్షిణ టవర్ మీద చెక్కవలసిన చోట్ల రాతి దిమ్మలు దిమ్మలుగానే మిగిలాయి. ఫోన్ కెమెరాని జూమ్ చేసి రెండు టవర్లనీ పక్కపక్కన పోల్చి చూడండి. శిల్పి ఉలి ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

దీన్ని లోపంగా చూడక్కర్లేదని మా అభిప్రాయం. రెండో టవర్‌ని 19వ శతాబ్దంలో సరిచేసి ఉంటే ఈ గుడి ఎలా కట్టారో చెప్పే అతి స్పష్టమైన సాక్ష్యం పోయేది.

కట్టడం ఏ శైలి? బయట గ్రీకు స్తంభాలు, లోపల చర్చి నడవలు, పొంతన ఏమిటి?

ముఖభాగం రెండు అంతస్తుల స్తంభాల వరస. కింద డోరిక్, పైన అయోనిక్. డోరిక్ స్తంభం తల సాదాగా పళ్ళెంలా ఉంటుంది, అయోనిక్ తల రెండు పక్కలా చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఎక్కువ బరువు మోసేది కింది వరస కాబట్టి లావుగా కనిపించే డోరిక్‌ని కింద పెట్టడం రోమన్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి.

లోపల నేల పటం మాత్రం గోథిక్ కథెడ్రళ్ళదే. సిలువ ఆకారం, బలిపీఠం వెనక చుట్టూ తిరిగే నడవ, దానికి ఆనుకుని పక్క చాపెళ్ళ (చిన్న ప్రార్థన గదుల) వరస. తేడా అంతా ఆ పటం మీద తొడిగిన రూపంలో ఉంది. మొనదేరిన కమానుల బదులు అర్ధవృత్తపు కమానులు, కట్టల్లాంటి సన్న స్తంభాల బదులు చదునైన పెద్ద కొరింథియన్ స్తంభాలు. కప్పు తోపుడుని ఆపే ఊతగోడలు కూడా ఉన్నాయి. అవి బయట పక్కవీధుల్లోంచి చూస్తే మెలితిరిగిన రాతి చుట్టల్లా కనిపిస్తాయి. కిటికీలకు చాలా చోట్ల తెల్లటి అద్దాలే ఉండడం వల్ల మధ్యాహ్నం పూట లోపల వెలుతురు బాగుంటుంది.

నేల మీద ఉన్న ఇత్తడి గీత ఏమిటి?

ఈ గుడిలో మేము అందరికంటే ముందు చూపించేది ఇదే. అది మధ్యాహ్నరేఖ. ఉత్తర దక్షిణాలుగా గుడి రెండు చేతుల్నీ కలుపుతూ వెళ్ళి, ఉత్తరం గోడ దగ్గర దాదాపు 11 మీటర్ల తెల్ల పాలరాతి స్తంభం ఎక్కుతుంది. స్తంభం పైన బంగారు పూత గోళం, దాని మీద సిలువ.

పని చేసే తీరు ఇది. దక్షిణపు చేతి కిటికీలో సుమారు 25 మీటర్ల ఎత్తున చిన్న రంధ్రం ఉంది. సూర్యుడు సరిగ్గా దక్షిణ దిక్కున, ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తున ఉండే క్షణంలో ఆ రంధ్రంలోంచి వచ్చే వెలుగు చుక్క గీత మీద పడుతుంది. వేసవిలో సూర్యుడు ఎత్తున ఉంటాడు కాబట్టి చుక్క కిటికీకి దగ్గరగా పడుతుంది. చలికాలంలో కిందికి వాలి ఉంటాడు కాబట్టి దూరంగా పడుతుంది. పారిస్ అక్షాంశం దాదాపు 48.85 డిగ్రీలు. ఆ లెక్కన జూన్ 21న మిట్ట మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 64.6 డిగ్రీలు, చుక్క రంధ్రం కిందనుంచి 12 మీటర్ల దూరంలో పడుతుంది. విషువత్తు రోజున, అంటే మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున, 41 డిగ్రీలు, దూరం 29 మీటర్లు. అక్కడ నేలలో కోడిగుడ్డు ఆకారపు లోహపు పలక పొదిగారు. డిసెంబర్ 21న సూర్యుడి ఎత్తు 17.7 డిగ్రీలే. చుక్క 78 మీటర్ల దూరంలో పడాలి. గుడి వెడల్పు 58 మీటర్లే కదా, మరి ఎలా? అందుకే ఆ పాలరాతి స్తంభం. నేల చాలకపోతే గీతని గోడ వైపు నిలబెట్టారు. చలికాలంలో చుక్క స్తంభం మీదికి పాకుతుంది.

1727లో లాంగే ద జెర్జీ ఇంగ్లిష్ గడియారాల నిపుణుడు హెన్రీ సల్లీ చేత దీన్ని మొదలుపెట్టించారు. మరుసటేడే సల్లీ పోయారు. ఖగోళశాస్త్రవేత్త లెమోనియే 1743లో పూర్తి చేశారు.

గుడిలో ఈ పరికరం ఎందుకు?

ఈస్టర్ తేదీ వసంత విషువత్తుకీ, పున్నమికీ ముడిపడి ఉంటుంది. తేదీని పట్టికలతో లెక్కగడతారు, కానీ ఆ లెక్కకి మూలమైన విషువత్తు నిజంగా ఏ రోజున వస్తోందో కంటితో సరిచూసుకోవడం విచారణ గురువుకి ముఖ్యం. మధ్యాహ్నపు గంట సరైన వేళకి కొట్టడం రెండో ప్రయోజనం. లెమోనియే మూడో పని కూడా చేశారు. ఏటికేడు అయనాంతం రోజున (జూన్ 21, డిసెంబర్ 21 దగ్గర) చుక్క ఎక్కడ పడుతోందో కొలిచి, భూమి అక్షం వంపులో వచ్చే అతి చిన్న మార్పుని పరిశీలించారు. అంత సూక్ష్మమైన కొలతకి కదలని కట్టడం, చీకటి లోపలి భాగం, పొడవాటి నేల మూడూ కావాలి. పెద్ద రాతి గుడిలో ఈ మూడూ దొరుకుతాయి.

వెలుగు చుక్కని ఎప్పుడు చూడాలి?

గడియారం 12 కొట్టినప్పుడు వెళ్ళి నిరాశపడేవాళ్ళు ఎక్కువ. పారిస్ గడియారం మధ్య ఐరోపా సమయం చూపిస్తుంది, సూర్యుడు ఆ లెక్కన నడవడు. పనికొచ్చే వేళలు ఇవి: డిసెంబర్ 21 దగ్గర మధ్యాహ్నం 12:49, మార్చి 20 దగ్గర 12:58, జూన్ 21 దగ్గర 1:52, సెప్టెంబర్ 22 దగ్గర 1:43. చివరి రెంటిలో, వేసవిలో గడియారాల్ని ముందుకు జరిపే ఒక గంట కలిసే ఉంది. పావుగంట ముందే వెళ్ళి గీత దగ్గర నిలబడండి. చుక్క పడమటి నుంచి తూర్పుకి జరుగుతుంది. చలికాలంలో స్తంభం మీద నిమిషానికి దాదాపు పాతిక సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది, అంటే కళ్ళముందే కదలిక తెలుస్తుంది. మబ్బు పడితే ఏమీ కనిపించదు. పారిస్ డిసెంబర్‌లో మబ్బే ఎక్కువ. ఆ ఒక్క రోజు కోసమే ప్రయాణం పెట్టుకోకండి, ముందు వెనక వారం రోజుల్లో ఎప్పుడైనా దాదాపు అదే చోట పడుతుంది.

ఇది అన్యమతపు రహస్య గీత అని ఒక థ్రిల్లర్ నవల్లో చదివాం, నిజమేనా?

కాదు. ఇక్కడ అన్యదేవతల గుడి ఎప్పుడూ లేదు. ఈ గీత పారిస్ అధికారిక మధ్యాహ్నరేఖ కూడా కాదు, అది ఇక్కడికి సుమారు వంద మీటర్లు తూర్పున వెళుతుంది. కిటికీల్లో కనిపించే P, S అక్షరాలు గుడి పాలక పునీతులు పేతురు, సుల్పీస్‌ల పేర్లలోని మొదటి అక్షరాలు.

స్తంభం కింద రాతలో కొన్ని పేర్లు చెక్కేసినట్టున్నాయి, ఎందుకు?

రాజు పేరు, మంత్రుల పేర్లు విప్లవకాలంలో ఉలితో తీసేశారు. దగ్గరగా చూస్తే గాట్లు తెలుస్తాయి. 1793లో గుడిని పూజలకు మూసి, మొదట బుద్ధిదేవాలయంగా, తర్వాత విజయ దేవాలయంగా మార్చారు. పరాత్పరుణ్ణీ ఆత్మ అమరత్వాన్నీ ఫ్రెంచి ప్రజలు అంగీకరిస్తున్నారు అన్న ఆనాటి ప్రకటన ముఖద్వారం పైన ఇప్పటికీ వెలిసిన అక్షరాల్లో చదవవచ్చు. 1799 నవంబర్ 6న ఈ గుడిలోనే నెపోలియన్‌కి వందల మందితో విందు ఇచ్చారు. మూడో రోజున ఆయన అధికారం చేజిక్కించుకున్నారు. 1801లో పోపుగారితో ఒప్పందం కుదిరాక గుడి మళ్ళీ విచారణకి దక్కింది.

ఆర్గన్ అంత ప్రసిద్ధి ఎందుకు?

ముఖద్వారం లోపలికి రాగానే వెనక్కి తిరిగి పైకి చూడండి. స్తంభాలతో చిన్న గుడిలా కనిపించే ఆ చెక్క పని షాల్‌గ్రాన్ గీసినది. అందులో 1781లో క్లికో 64 స్వరవరసల (ఒక్కో వరస ఒకే తీరు నాదం పలికే గొట్టాల గుంపు) ఆర్గన్ కట్టారు. 1862లో కవాయే కోల్ దాన్ని 100 వరసలకు పెంచారు, క్లికో గొట్టాలు చాలా వరకు ఉంచుకుని. తర్వాత రెండు చేరి ఇప్పుడు 102. వేళ్ళతో నొక్కే మెట్ల వరసలు (కీబోర్డులు) అయిదు, గొట్టాలు దాదాపు 7000.

ఇంత పెద్ద ఆర్గన్‌కి చిక్కేమిటంటే, మెట్టు నొక్కితే సన్నటి కర్రలు, తీగల ద్వారా గాలి మూతలు తెరుచుకోవాలి. అయిదు వరసలూ కలిపి వాయిస్తే మెట్లు వేలికి లొంగనంత బరువెక్కుతాయి. దీనికి కవాయే కోల్ వాడిన విరుగుడు బార్కర్ మీట. వేలు చిన్న గాలి తిత్తిని తెరుస్తుంది, ఆ తిత్తి ఉబ్బి మిగతా బరువంతా లాగుతుంది.

ఆయన చేసిన మార్పు తర్వాత దీన్ని పెద్దగా ఎవరూ చెరపలేదు, అందుకే ఆ కాలపు నాదం ఇక్కడ వినిపిస్తుంది. 1870లో తాత్కాలికంగా నియమించిన ఆర్గన్ వాద్యకారుడు విదోర్ 1933 దాకా ఇక్కడే వాయించారు. తర్వాత 1971 దాకా దుప్రే.

దెలక్రువా చిత్రాలు ఎక్కడ?

19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా వేసినవి ఇవి. లోపలికి వెళ్ళగానే కుడివైపు మొదటి చాపెల్. ఎడమ గోడ మీద యాకోబు దేవదూతతో కుస్తీ, కుడి గోడ మీద యెరూషలేము ఆలయం కొల్లగొట్ట వచ్చిన హెలియోదోరుని తరిమికొట్టడం, కప్పు మీద సాతానును ఓడించే మిఖాయేలు దూత. 1849లో పని ఒప్పుకుని 1861లో పూర్తి చేశారు. నడవలేని అనారోగ్యంలో గుడికి దగ్గరగా ఉండాలని 1857లో ఇల్లు కూడా మారారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

గోడ చిత్రాలు ఒక్కొక్కటి ఏడున్నర మీటర్ల ఎత్తు. తడి సున్నం మీద వేసే పద్ధతి కాదు, ఆరిన గోడ మీద నూనె రంగులో మైనం కలిపి వేశారు. అందువల్ల రంగు మెరవకుండా గోడలో కలిసిపోయినట్టు ఉంటుంది. కానీ రాతిగోడ చెమ్మ పీలిస్తే పైపూత వదిలిపోతుంది. చెమ్మ దెబ్బకి చాలా పాడై, మరమ్మతు 2016లో ముగిసింది. యాకోబు చిత్రంలో కింద కుడి మూల పడేసిన బట్టల గుట్ట, గడ్డి టోపీ, అమ్ములపొది చూడండి. విడివిడి రంగు గీతలు పక్కపక్కన పెట్టి, దూరం నుంచి కలిసిపోయేలా చేశారు.

తీర్థజలం పెట్టిన పెద్ద చిప్పలు నిజమైనవేనా?

నిజమైనవే. ఒకే సముద్రపు ఆల్చిప్ప రెండు సగాలు. వెనిస్ రాజ్యం ఫ్రాన్స్ రాజుకి కానుకగా ఇస్తే, 15వ లూయీ గుడికి ఇచ్చారు. కింద రాతి గుట్టలా కనిపించే పాలరాతి పని శిల్పి పిగాల్‌ది. వంగి చూస్తే రాళ్ళ మధ్య సముద్రజీవులు కనిపిస్తాయి. గుడి తూర్పు కొసన మరియమాత చాపెల్‌లోని తెల్ల విగ్రహం కూడా ఆయనదే.

గుడి ఎవరి ఆస్తి? మరమ్మతు ఖర్చు ఎవరిది?

1905 చట్టంతో ఫ్రాన్స్‌లో మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీశారు. అప్పటికే ఉన్న విచారణ గుళ్ళు ఊరి మునిసిపాలిటీ ఆస్తులయ్యాయి. కాబట్టి కట్టడం పారిస్ నగరానిది, పూజకి ఉచితంగా వాడుకునే హక్కు విచారణది. విచారణ గురువు తనంతట తాను గోడలో మేకు కొట్టించలేరు. ఉత్తర టవర్ రాళ్ళు వానకీ పొగకీ తిని పోవడంతో ఏళ్ళపాటు పరంజాలు కట్టి, 2011కి బాగుచేశారు.

2019లో ఏం జరిగింది?

మార్చి 17న దక్షిణపు ద్వారం దగ్గర మంటలు లేచి తలుపు, రంగుల అద్దాలు దెబ్బతిన్నాయి. నెల తిరక్కుండానే ఏప్రిల్ 15న నోత్రదామ్ కాలింది. దాంతో మేత్రాసనపు (బిషప్ పరిధి) పెద్ద పూజలు కొన్ని ఇక్కడికి మారాయి. మాజీ అధ్యక్షుడు ఝాక్ షిరాక్ అంత్యక్రియల పూజ ఆ సెప్టెంబర్ 30న ఇక్కడే జరిగింది.

సెయింట్ సుల్పీస్ విగ్రహాలు అంటారు, అవేమిటి?

19వ శతాబ్దంలో ఈ చౌకు చుట్టూ పూజాసామగ్రి దుకాణాలు వెలిశాయి. అచ్చు పోసి రంగులు వేసిన ప్లాస్టర్ పునీతుల విగ్రహాలు ఇక్కడి నుంచి మిషనరీలతో పాటు దేశదేశాలకి వెళ్ళాయి. మెత్తని ముఖం, లేత నీలం నడికట్టు, పైకెత్తిన కళ్ళు ఆ తీరు గుర్తులు. మన విచారణ గుళ్ళలో కనిపించే లూర్దుమాత, తిరుహృదయ స్వరూపాలు చాలావరకు ఆ తీరువే.

వెళ్తే ఏ వరసలో చూడాలి?

మెట్రో 4వ లైన్‌లో సెయింట్ సుల్పీస్ స్టేషన్, ప్రవేశం ఉచితం. ముందు చౌకు అవతలి అంచున, ఫౌంటెన్ వెనక నిలబడి టవర్లు చూడండి. లోపలికి వెళ్ళి చిప్పలు, వెంటనే కుడివైపు దెలక్రువా చాపెల్. దానికి పొద్దుటి వెలుతురు మంచిది. అక్కడి నుంచి కుడి నడవలో నడిస్తే దక్షిణపు చేయి వస్తుంది, గీత అక్కడ మొదలు. గీత వెంట బలిపీఠం ముందు నుంచి ఉత్తరపు స్తంభం దాకా వెళ్ళండి. పూజ జరుగుతుంటే మాత్రం బలిపీఠం ముందు అడ్డంగా నడవకూడదు, వెనక నడవ చుట్టి రావాలి. మరియమాత చాపెల్ ఆ దారిలోనే ఉంది. ఆర్గన్ కోసం ఆదివారం ప్రధాన పూజ వేళకి వెళ్ళండి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు గుడి ద్వారం దగ్గరి నోటీసు చూసుకోండి. కూర్చునేటప్పుడు బలిపీఠం దగ్గర కాకుండా మధ్యభాగంలో కూర్చోండి, మరీ ముందుకు వెళితే ప్రతిధ్వనిలో స్వరాలు కలిసిపోతాయి.